గుండ్లకొట్టాల మగవాళ్ళు మెట్లు వేసుకున్న వైనం

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో మట్టి బాట పట్టి లోపలికి పోతే గుండ్లకొట్టాల అనే ఊరు వస్తుంది. ఆ ఊరి మగవాళ్ళందరూ ఈ ఏడాది బెత్తెడు దాకా ఎత్తు పెరిగారని తెలియజేయడానికి ఎంతో సంతోషంగా ఉంది. వాన సరిగా పడలేదు. వేరుశనగ ఊడ దిగలేదు. పత్తి మోకాలు దాటలేదు. మగవాళ్ళు మాత్రం పెరిగారు. దీనికి కారణం ఎరువు కాదు, ఎత్తు మెట్లు.

ఈ ఘనకార్యం వెనక ఒక ఆడమనిషి ఉంది కాబట్టి ముందుగా ఆమె సంగతి చెప్పి పక్కన పెట్టేయడం మర్యాద. ఆమె పేరు ఎస్తేరు. ఆదోని పత్తి మిల్లులో బేళ్ళు మోసే సామ్సన్ భార్య. ఈ సంగతులు మొదలైనప్పటికి ఐదో నెల గర్భిణి. అందుకని నెలనెలా ఊరి బయట కొత్తగా కట్టిన ఆరోగ్య కేంద్రానికి పోవలసి వచ్చేది.

ఆరోగ్య కేంద్రం చాలా బాగుంది. వరద నీళ్ళు రాకుండా దాని నేలను నడుమెత్తున లేపి కట్టారు. గుండ్లకొట్టాలలో తాగడానికే నీళ్ళు లేవు కనుక వరద విషయంలో ఇంత ముందుచూపు మెచ్చుకోదగ్గది. గోడలకు రంగులు వేశారు, తలుపు బిగించారు, తలుపు మీద నవ్వుతున్న బిడ్డ బొమ్మ గీశారు. కట్టినవాళ్ళు పావంచాలు మాత్రం వేయకుండా వెళ్ళిపోయారు. మరిచిపోయారనడం తప్పు. అవి వేరే పద్దులోకి వస్తాయట, ఆ పద్దు ఇంకా పుట్టలేదట.

పావంచాలంటే ఎక్కడానికి వేసే రాళ్ళు. పుస్తకాల్లో వాటిని మెట్లు అంటారు. గుండ్లకొట్టాల వైపు మెట్లంటే కాళ్ళకు వేసుకునే చెప్పులు, ఎత్తు మెట్లంటే ఆడవాళ్ళ ఎత్తు మడమల చెప్పులు. పాఠకులు ఈ చిన్న తేడా గుర్తు పెట్టుకుంటే చాలు. తక్కినదంతా ఆ ఊరి మగవాళ్ళు చూసుకున్నారు.

పావంచాలు లేవు గనుక ఎస్తేరును అత్త ఏసమ్మ కింద నుంచి తోసేది, నర్సు స్వప్న పై నుంచి లాగేది. పత్తి బోరాన్ని లారీకి ఎత్తినట్టు ఉండేది. నర్సే కిందికి దిగి చూడవచ్చు కదా అని అడగవచ్చు. పరీక్ష బల్ల లోపల ఉంది, బల్లను బయటికి తెచ్చే నియమం లేదు.

ఊరి పేరులోనే గుండ్లు ఉన్నాయి, ఎటు చూసినా రాళ్ళే. ఏసమ్మ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని రెండు పెద్ద రాళ్ళు దొర్లించి తలుపు ముందు పెట్టింది. సర్పంచి లక్ష్మప్ప వాటిని తీయించేశాడు.

“సర్కారు గోడకు మన రాయి ఆనకూడదు. రేపు గోడ పగిల్తే జవాబు ఎవురు సెప్తారు? సర్కారు గోడకు ఏది ఆనితే అది సర్కారుది, తెలుసునా?”

ఆ రాళ్ళు వృథా పోలేదు. లక్ష్మప్ప అరుగు ముందు కూర్చోవడానికి బాగా అమిరాయి.

ఇలా ఉండగా గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన పెద్ద సారు ఒకాయన జీపులో ఊరికి వచ్చారు. ఎప్పుడూ నోరెత్తని ఎస్తేరు ఆ రోజు ఏసమ్మ చాటు నుంచి ముందుకు వచ్చి, “సార్, పావంచాలు ల్యావు. కడుపుతో ఉండేటోళ్ళు ఎక్కల్యాకపోతాండాము” అంది. సారుకు మాట తెలియలేదు. జీపు డ్రైవరు వంగి ఆయన చెవిలో అర్థం చెప్పాడు. సారు గొంతు సవరించుకుని ఉపన్యసించారు.

“సోదరులారా, మీ బాధ నాకు అర్థమైంది. మెట్లు కావాలి. న్యాయమైన కోరిక. కానీ నిధులు లేవు. అన్నీ ప్రభుత్వమే చేయాలంటే ఎలా? మంచి ఎత్తు మెట్లు మీరే వేసుకోండి. ఈ భారం ఆడవాళ్ళ మీద పెట్టకండి. ఇంటింటి నుంచీ మగవాళ్ళు ముందుకు రండి, వేసుకోండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. దసరా వెళ్ళాక నేనే వచ్చి చూస్తాను. వేసుకున్న ఊరి సర్పంచికి ఆదోనిలో సభ పెట్టి శాలువా కప్పిస్తాను.”

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. దుమ్ము తగ్గేలోపే అరుగు మీద చర్చ మొదలైంది.

“సారు ఏమన్నాడప్పా?”

“ఎత్తు మెట్లు ఏసుకోమన్నాడు.”

“ఎవురు, మగోళ్ళా?”

“మగోళ్ళే. ఇంటింటికీ అన్నాడు.”

“పావంచాల గురించేమో ల్యాప్పా సెప్పింది” అన్నాడు ఒక అనుమానం మనిషి.

తిక్కయ్య అని లక్ష్మప్పకు కుడిభుజం ఒకాయన ఉన్నాడు. ఆయన ఈ అనుమానాన్ని ఒక్క మాటతో పడగొట్టాడు. “సిగ్గు పడొద్దని సెప్పినాడా ల్యాదా? పావంచాలు ఏసేకి సిగ్గేంటికి? మెట్లయితేనే గదా సిగ్గు.”

ఈ తర్కానికి అరుగంతా తల ఊపింది. ఎస్తేరు పంపితే సామ్సన్ వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. “సారోళ్ళ దిక్కు మెట్లంటే పావంచాలేనంటన్నా. మా ఎస్తేరు పదో తరగతి పుస్తకంలో సదివినాదంట.”

“నీ పెండ్లాం పది సదివినాది. సారు ఎన్ని సదివినాడు? పావంచాలు కావల్లంటే పావంచాలనే అంటాడు. ఆయనకు తెలుగు రాదంటావా?” అన్నాడు లక్ష్మప్ప.

మాటకు రెండు అర్థాలున్నప్పుడు ఏది సరైనదో అరుగు మీద కూర్చున్నవాళ్ళకు వాళ్ళ నడుము చెబుతుంది. రాళ్ళు మోయడమా, మెట్లు తొడుక్కోవడమా అని అడిగితే ఆ రోజు అన్ని నడుములూ ఒకే మాట చెప్పాయి. లక్ష్మప్పకు మరో కారణం కూడా ఉంది. ఆయన భార్య ఈరమ్మ ఆయన కన్నా బెత్తెడు ఎత్తు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన ఆమెకు నాలుగడుగులు ముందే నడుస్తున్నాడు, ఎవరూ పక్కపక్కన కొలవకుండా.

ఇక ఊరు మొత్తం మీద ఎత్తు మెట్లు ఒకే ఒక్క జత ఉంది. అది ఎస్తేరుది. సామ్సన్ తాడిచెట్టంత మనిషి. పెళ్ళి ఫోటోలో ఆయన భుజానికైనా అందాలని ఆదోనిలో ఉమేర్ దుకాణంలో ఎర్రటి ఎత్తు మెట్లు కొనుక్కుంది. చర్చిలో బాగానే గడిచింది. అవి వేసుకుని అరుగు ముందు నుంచి నడిచినప్పుడు తిక్కయ్య, “ఏం ఎస్తేరూ, మోడం గోకి వాన తెస్తావా ఏంది?” అన్నాడు. మబ్బును అందుకునేంత ఎత్తయిందని అరుగంతా నవ్వింది. ఆడది టకటకమని నడిస్తే ఊరికి అరిష్టమని లక్ష్మప్ప తీర్పు చెప్పాడు. ఆ సాయంత్రమే ఆమె వాటిని సిమెంటు సంచిలో చుట్టి అటక మీద పెట్టేసింది.

ఇప్పుడు లక్ష్మప్పే ఆమె గుడిసె ముందుకు వచ్చాడు.

“మ్మా ఎస్తేరూ, ఆ మెట్లు ఉండాయా?”

“యా మెట్లన్నా?”

“అవే, టకటక మెట్లు.”

“ఊరికి అరిష్టమంటిరి గదన్నా.”

“అప్పుడు అరిష్టమే. ఇప్పుడు సర్కారు సెప్పినాది.”

ఎస్తేరు మెట్లు తెచ్చి ఇచ్చింది. లక్ష్మప్ప పాదం చిన్నదే కాబట్టి పట్టింది. ఆయన గుంజ పట్టుకుని లేచి, లోకాన్ని కొత్త ఎత్తు నుంచి ఒకసారి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“కింద సూడొద్దన్నా, దూరం సూడు. నడుము నిలబెట్టు. సిన్న అడుగు ఎయ్యి.”

“మగోడు సిన్న అడుగు ఏస్తాడా ఎస్తేరూ?”

“అయితే పడ్తావన్నా.”

పడ్డాడు.

లేచాక, నేర్పుతావా అని అడిగాడు. ఎస్తేరు నేల చూస్తూ, “నేర్పిస్తానన్నా. ఆసుపత్రికి ఒక మూడు పావంచాలు ఏయించు, సాలు” అంది.

“మెట్లు కానీమ్మా ముందు. మెట్లయినాంక పావంచాలే.”

ఆ మాట పట్టుకుని ఆమె నేర్పింది. తెల్లారగానే ఎనుముల కొట్టం దగ్గర ఊరి పెద్దమనుషులు వరసగా నిలబడేవారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, దూరం చూస్తూ, చిన్న అడుగులు వేసేవారు. ఎనుములు నెమరు ఆపి చూసేవి. అందరిలోకీ తిక్కయ్య మొదటి రోజే నడిచేశాడు. రోజూ సాయంత్రం ఊగే నేల మీద ఇంటికి పోయిన అనుభవం ఆయనకు ఉంది.

అందరూ ఆదోని నుంచి కొని తెచ్చుకున్న మెట్ల మడమలు నల్లరేగడిలో దిగబడి విరిగాయి. అప్పుడు బండిచక్రాలు చేసే పీరా సాబ్‌ను పిలిచారు. ఈ మధ్య ఎవరూ చక్రాలు చేయించడం లేదు గనుక ఆయన తుమ్మ మొద్దులు చాలా నిలవ ఉన్నాయి. మడమ దగ్గర బెత్తెడు ఎత్తు, వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి పల్చన అయ్యేట్టు ఒకే చెక్కలో చెక్కి, పైన తోలు పట్టెలు కొట్టాడు.

“ఇరగవు గదా సాబూ?” అన్నాడు లక్ష్మప్ప.

“వీటి మింద ఎద్దు నిలబడినా ఏం కాదు సర్పంచ్ సాబ్. మనిషి సంగతి నాకు తెల్దు.”

నెల తిరిగేసరికి మగవాళ్ళ కాళ్ళకు ఎత్తు మెట్లు లేకపోతే చొక్కా గుండీలు పెట్టుకోనట్టు ఉండే కాలం వచ్చింది. పొలానికి అవే, టీ కొట్టుకు అవే, చావు ఇంటికి కూడా అవే. వేసుకోనివాణ్ణి “ఏమప్పా, ఇంట్లో బాగా ల్యాదా?” అని అడిగేవారు. సభా మర్యాద కోసం ఎత్తులు నిర్ణయించారు. సర్పంచికి బెత్తెడు, వార్డు మెంబర్లకు మూడు వేళ్ళు, కూలివాళ్ళకు రెండు వేళ్ళు. సామ్సన్ విషయంలో మాత్రం చిక్కు వచ్చింది. వట్టి కాళ్ళతోనే లక్ష్మప్పకు మించిపోతున్నాడు. అందుకని అతను రోడ్డు దిగి కాలవలో నడవాలని, అప్పుడు అందరితో సమానంగా ఉంటాడని తీర్మానించారు. సమానత్వం మీద ఆ ఊరికి అంత పట్టింపు.

ద్వారబంధాలు మాత్రం పెరగలేదు. ప్రతి మగవాడి నుదుటి మీదా బొప్పి కట్టింది. కొన్నాళ్ళకు బొప్పి లేనివాణ్ణి పెద్దమనిషి కింద లెక్కవేయడం మానేశారు. పొలంలో మడమ దిగిన చోటల్లా గుంత పడుతుంది కాబట్టి విత్తనం వేయడానికి వీలని తిక్కయ్య కనిపెట్టాడు. ఆయన ముందు నడిచి గుంతలు చేశాడు, ఆయన భార్య వెనక వంగి గింజలు వేసింది, మట్టి కప్పింది, పడినప్పుడు ఆయనను లేపింది. మగవాళ్ళు సేద్యంలోకి ఇంతగా దిగబడడం ఊళ్ళో అదే మొదటిసారి.

ఎమ్మిగనూరు సంతలో మొదట నవ్వారు. లక్ష్మప్ప ఎద్దుల బండి ఎక్కి ప్రసంగించాడు. “నవ్వుతాండారా? మన తాతలు పాంకోళ్ళు ఏసుకోల్యాదా? మగోడంటే ఎత్తు, ఎత్తంటే మగోడు. మద్దెన బెత్తెడు తక్కువైతే నింపుకునేది తప్పా? ఇది సోకు గాదు. ఇది మన సంప్రదాయం. నడుమ మర్సిపోయినాము, సర్కారు గుర్తు సేసినాది.” నవ్వినవాళ్ళు తలలు ఆడించారు. వచ్చే వారానికి సంతలో ఎద్దుల కన్నా ఎత్తు మెట్ల దగ్గరే బేరాలు ఎక్కువయ్యాయి. ఆదోని పత్తి యార్డులో టకటకమని శబ్దం వినిపిస్తే, ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని కూర్చున్నవాళ్ళు లేచి నిలబడడం మొదలుపెట్టారు.

ఇంత గొప్ప మార్పుకు కొంత మూల్యం ఉంటుంది. మగవాళ్ళ చీలమండలు వాచాయి. భార్యలు రాత్రి కాపడం పెట్టేవారు, తెల్లారి భుజాన వేసుకుని ఆరోగ్య కేంద్రానికి మోసుకుపోయి పైకి ఎక్కించేవారు. మంగళవారం గర్భిణీల రోజు. చీలమండల రద్దీ వల్ల దాన్ని మడమల రోజుగా మార్చారు. గర్భిణీలు ఖాళీ దొరికినప్పుడు రావచ్చునన్నారు.

ఎస్తేరుకు తొమ్మిదో నెల వచ్చింది. పాదాలు ఉబ్బి బూరెల్లా అయ్యాయి. నర్సు స్వప్న తలుపులో నిలబడి కిందికి చూసి భయపడింది. “అక్కా, ఇంగ నిన్ను లాగేది కుదర్దు, తోసేది అసలే కుదర్దు. నొప్పులొచ్చినప్పుడు యట్ల ఎక్కుతావో ఏమో.” ఆదోనికి పోదామంటే మట్టి బాటలో ఆటో ఊపుకు దారిలోనే ప్రసవం అయిపోతుంది. పోయిన ఏడు ఒకామెకు అట్లాగే అయింది, ఆ బిడ్డ దక్కలేదు.

ఎస్తేరు మళ్ళీ అరుగు దగ్గరికి పోయింది. “మెట్లయినాంక పావంచాలంటివి గదన్నా.”

“శాలువా పన్లో ఉండానమ్మా. సారు వచ్చి పోనీ.”

“అయితే నా మెట్లన్నా ఇయ్యి. బెత్తెడన్నా ఎత్తు అందుతాది.”

ఆమె ఎర్ర మెట్లు నమూనా కింద పంచాయతీ ఆఫీసులో మేకుకు వేలాడుతున్నాయి. లక్ష్మప్ప ఎంతో ఓపికగా నచ్చజెప్పాడు. “అవి మగోళ్ళ మెట్లు గదమ్మా. ఆడోళ్ళు ఏసుకుంటే మగరాయుడి ఏషాలంటారు. ఊరికి అరిష్టం.”

అరిష్టం ఎటు తిరిగినా ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చి ఆగింది. ఆమె వట్టి కాళ్ళతోనే ఇంటికి పోయింది.

దసరా వెళ్ళాక చెప్పిన మాట ప్రకారం పెద్ద సారు వచ్చారు. మగవాళ్ళు ఎత్తుల వారీగా వరసలో నిలబడి ఉన్నారు, సామ్సన్ కాలవలో ఉన్నాడు. సారు వాళ్ళ కాళ్ళకేసి చూసి, “మీ ప్రాంతపు పాదరక్షలు చాలా బాగున్నాయి. ఇటువంటి సంప్రదాయాలు కాపాడుకోవాలి” అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, “మరి, మెట్లు వేసుకున్నారా?” అని అడిగారు.

“ఏసుకున్నాం సార్” అని ఊరంతా ఒకే గొంతుతో పలికింది.

“మగవాళ్ళే వేసుకున్నారా?”

“మగోళ్ళమే సార్. ఆడోళ్ళను తాకనీల్యాదు.”

సారు కళ్ళు చెమర్చాయి. సభ లోపల పెడదామన్నారు. ఊరేగింపు మర్యాదగా ఆయనను నలుగురు చేతుల మీద ఎత్తి లోపలికి చేర్చారు. గాలిలో ఉన్న మనిషికి కింద ఏముందో కనిపించదు. ఆయన వెనక మగవాళ్ళందరూ, తలుపు పక్కన రాసి ఉన్న “మెట్లు బయట విడవవలెను” అన్న ఆజ్ఞకు కట్టుబడి, తమ మెట్లు కింద విడిచి, చేతులు ఆనించి పైకి ఎగబాకారు. గదులన్నీ నిండిపోయాయి. ఫోటోలో పడాలని అందరి ముఖాలూ సారు వైపు, వీపులు తలుపు వైపు.

బయట ఊరందరి తుమ్మ మెట్లు గుట్టగా పడి ఉన్నాయి. ఆడవాళ్ళు వాటి చుట్టూ నిలబడ్డారు. ఎస్తేరు నడుము పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత ఒక మెట్టు నేల మీద పెట్టి, దాని మీద ఇంకొకటి తలకిందులుగా తిప్పి పెట్టింది. ఒకదాని మడమ మీదికి ఇంకొకదాని మునివేళ్ళు వచ్చాయి. పల్లం ఎత్తును కలుపుకుంది. ఇటుక ఎంత చదునో అంత చదును.

“సూడత్తా” అంది.

ఏసమ్మ చూసింది. ఇంకేమీ చెప్పవలసిన పని లేకపోయింది. ఒకరు అందించారు, ఒకరు పేర్చారు, ఒకరు తోలు పట్టెలు ఊడదీసి వాటితో చెక్కలను ఒకదానికొకటి బిగించి ముడివేశారు. లోపల సారు శ్రమదానం గొప్పతనం మీద మాట్లాడుతున్నారు. ఆయన ఉపన్యాసం పొడవు పెరిగినకొద్దీ బయట వరసలు ఎత్తు పెరిగాయి. లక్ష్మప్ప బెత్తెడు మెట్లు అన్నిటికన్నా కింద, బరువు మోసే చోట పెట్టింది ఈరమ్మ.

లోపల సారుకు హఠాత్తుగా ఒక అనుమానం వచ్చింది. “ఇంతకీ లక్ష్మప్ప గారూ, వచ్చేటప్పుడు మెట్లు నాకు కనపడలేదే?”

“బయట ఇడిసినాం సార్.”

“బయట విడిచారా?”

“ఆసుపత్రిలోకి ఏసుకోని రాకూడదు గద సార్.”

సారు ఒక క్షణం ఆయనకేసి, ఒక క్షణం తలుపుకేసి చూశారు. సరిగ్గా అప్పుడే తలుపు అడుగున ఎస్తేరు తల కనిపించింది. తర్వాత భుజాలు కనిపించాయి. తర్వాత చేత్తో పట్టుకున్న నిండు కడుపు. ఎవరూ లాగలేదు, ఎవరూ తోయలేదు. కింద చూడకుండా, దూరం చూస్తూ, నడుము నిలబెట్టి, చిన్న చిన్న అడుగులు వేస్తూ ఆమె లోపలికి వచ్చింది.

“ఓహో, అవును మరి. మెట్లు బయటే ఉంటాయి, లోపలెందుకుంటాయి” అన్నారు సారు. అందరూ చప్పట్లు కొట్టారు.

శాలువా అక్కడికక్కడే కప్పేశారు. దిగిపోతూ సారు ఒక్కొక్క వరస మీదా అడుగు పెట్టి, గట్టిగా తొక్కి చూశారు. “తుమ్మ చెక్క. స్థానిక వస్తువు, స్థానిక నైపుణ్యం. భేష్. ఇవి ఇక్కడి నుంచి అంగుళం కదలకూడదు. ప్రభుత్వ గోడకు ఏది ఆనితే అది ప్రభుత్వానిది.” ఈ నియమం లక్ష్మప్పకు ముందే తెలుసు.

జీపు పోయింది. మగవాళ్ళు వట్టి కాళ్ళతో, రాళ్ళు గుచ్చుకుంటుంటే, గుట్టు చప్పుడు కాకుండా ఇళ్ళకు పోయారు. ఈరమ్మ నాలుగడుగులు వెనక నడవడం ఆ రోజు మరిచిపోయింది.

ఆ వారంలోనే ఎస్తేరు నొప్పులతో తన కాళ్ళ మీద తానే పైకి ఎక్కింది. ఆడపిల్ల పుట్టింది. లక్ష్మప్ప చూడటానికి వచ్చి, బిడ్డను చూసి, బయటికి చూసి, మెల్లగా అడిగాడు. “మ్మా ఎస్తేరూ, నా జత ఎక్కడుండాయో తెలుసునా?”

“అడుగున ఉండాయన్నా. నువ్వు గూడా ఎక్కే వచ్చినావు.”

అరుగు మీద ఈ అవమానంపై దీర్ఘంగా చర్చ జరిగింది. మగవాళ్ళ మెట్లు తొక్కి ఆడవాళ్ళు పైకి పోవడం పద్ధతి కాదని, అయితే సర్కారు ఆస్తి గనుక ఎక్కే ముందు కళ్ళకు అద్దుకోవాలని తీర్మానించారు. ఆ తీర్మానం ఇంకా అమలు కాలేదు. ఆడవాళ్ళకు తీరిక చిక్కడం లేదు.

ఇక పెద్ద సారు మాత్రం ఊరూరా తిరుగుతూ గుండ్లకొట్టాలను చూసి నేర్చుకోమని, మగవాళ్ళందరూ ఎత్తు మెట్లు వేసుకోవాలని చెబుతున్నారు. ఆస్పరి వైపు మగవాళ్ళు అప్పుడే నడక నేర్చుకుంటున్నారట. మద్దికెర వైపు తుమ్మ చెక్కకు కరువు వచ్చిందట. ఆ ఊళ్ళలో కూడా పావంచాలు లేని గడపలు చాలా ఉన్నాయి. అక్కడి ఆడవాళ్ళు సభ ఎప్పుడు పెడతారా అని మాత్రం అడుగుతున్నారు.

ఈ కథ చదువుతున్న అయ్యలు తమ మెట్లు ఎక్కడ విడిచారో ఒకసారి బయటికి పోయి చూసుకోవడం మంచిది.